అనామతు ఖాతా

పది సిట్టింగులు, పద్దెనిమిది వేలు.
రసీదు మీద జీఎస్టీ నంబరు లేదు. ముందు అదే చూశాను.
రొయ్యల మేత కొట్లో ఇరవై రెండేళ్ళుగా పద్దులు రాసేదాన్ని,
చూపు అటే పోతుంది.

భీమవరం, జువ్వలపాలెం రోడ్డు.
కింద ఏరేటర్ల రిపేరు షాపు, పైన ఈ సెంటరు.
మెట్లెక్కేసరికే సగం ఆయాసం.
ఈ మెట్లే రోజూ నాలుగుసార్లు ఎక్కి దిగితే చాలదా అని
ఎవరూ అనలేదు,
నేనూ అనుకోలేదు.

ఎస్తేరు పొట్టకీ తొడలకీ తడి స్పాంజీలు పెట్టి
బెల్టు బిగించింది.
"చీమలు పాకినట్టుంటదండీ, కంగారు పడకండి."
మొదట చీమలే.
తర్వాత గండుచీమలు.
ఆ తర్వాత నా పొట్ట నన్నడక్కుండా
వలలో పడ్డ బొచ్చెలా ఎగిరెగిరి పడుతుంటే
పక్కింటి పిల్లాడి అల్లరి చూసినట్టు
చూస్తూ పడుకున్నాను.

ఇంటర్లో జువాలజీ లాబు.
బల్ల మీద కప్ప తొడ, రెండు తీగలు.
కాలు తన్నింది.
మేమంతా చప్పట్లు కొట్టాం.
కప్ప మాత్రం ఎక్కడికీ గెంతలేదు.

కింద ఎవరో బాగుచేసిన ఏరేటరు తిప్పి చూస్తున్నారు.
చెరువులో అది రాత్రంతా నీళ్ళు చిలుకుతుంది,
నురగ, చప్పుడు, మీటరు పరుగు.
తెల్లారి చూస్తే నీళ్ళు ఉన్నచోటే.
రొయ్యకి ఊపిరందుతుంది, కాదనను.
చెరువు చిక్కిపోయిందని మాత్రం
ఏ రైతూ చెప్పగా వినలేదు.

ఏడో సిట్టింగులో కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోపు ఆ కాస్త చీకట్లో అడిగేశాను,
"నిజం చెప్పు ఎస్తేరూ, కరుగుతుందా?"
తలుపు వైపు చూసింది. మేడంగారు బయట ఫోనులో ఉన్నారు.
"ఇదివరకు ఏలూరులో ఫిజియోథెరపీలో చేశానండీ.
పక్షవాతం వచ్చినోళ్ళకి పెట్టేవోళ్ళం.
చచ్చుబడ్డ చేతిలో ఒక్క వేలు కదిలితే
వాళ్ళ ఆడోళ్ళు ఏడ్చేవోరు, ఆయ్.
కండ వింటదండీ కరెంటు మాట.
కొవ్వుకి చెవుల్లేవు."

లైట్లొచ్చాయి.
సగంలో ఆగిన మాట పూర్తి చేస్తున్నట్టు బెల్టు మళ్ళీ అందుకుంది.
ఎస్తేరు గోడ మీది పోస్టరు తుడుస్తోంది.
అందులో పిల్ల నడుముకి
ఏ బెల్టూ అక్కర్లేదు.

బెల్టుతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు:
పొద్దున్నే గంట నడక, రాత్రిపూట అన్నం వద్దు,
తీపి జోలికి పోవద్దు.
ఇవన్నీ చేస్తూ బెల్టు పెట్టుకుంటే తప్పక తగ్గుతారట.
కాగితం ఉచితం.
బెల్టుకే డబ్బులు.

పదో రోజు టేపు పెట్టారు.
ముప్పాతిక అంగుళం తగ్గిందన్నారు.
వాళ్ళు టేపు బిగించారో,
నేనే ఊపిరి బిగబట్టానో,
మేమూ మేత కాటాలు చూసినవాళ్ళమే,
ముప్పాతిక ఎక్కణ్ణించి పుడుతుందో తెలియనిది కాదు.

అయితే మర్నాడు,
పై అరలో పాత లెడ్జరు కోసం లేచినప్పుడు
మోకాలి మీద చెయ్యి పెట్టలేదు.
లేచాక గాని గమనించలేదు.
మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాను.
ఇంకోసారి.
గుమాస్తా తాతరాజు కళ్ళజోడు పైకెత్తి,
"కుర్చీలో తేలుగాని ఉందా ఏవిటండీ?"

నెలాఖరున సొంత డబ్బుకీ పద్దు రాసుకోవడం అలవాటు.
వైద్యం కింద రాద్దామంటే, రోగం లేదు.
సోకు కింద? చెయ్యాడలేదు.
నష్టం అని రాస్తే తొడలు ఊరుకునేలా లేవు.
ఎటూ తేలని డబ్బుకి మా లెక్కల్లో ఒక చోటుంది.
అనామతు ఖాతా: పద్దెనిమిది వేలు.
వివరం గడిలో "పొట్ట" అని రాసి,
కొట్టేసి,
పైన చిన్నగా
"తేలాక రాయాలి".